ఇద్దరి లెక్కన జైసల్మేరు ప్రయాణం

పద్నాలుగో నంబరు గదిలో కింది మంచం మీద పడుకునే మా భోజన్న ఒకసారి చచ్చిపోయి, మర్నాడు మధ్యాహ్నానికల్లా లేచి కూర్చుని పప్పన్నం తిన్న మనిషి. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. ఆయన చావుకు ఆస్పత్రి చీటీ ఉంది, కంపెనీ చేసిన ఫోను ఉంది, కరీంనగర్ జిల్లాలో ఒక వాడంతా కూర్చుని ఏడ్చిన ఏడుపు ఉంది. ఇన్ని సాక్ష్యాలు మాలో ఎవరి పుట్టుకకూ లేవు. క్యాంపులో సగం మందికి పాస్‌పోర్టులో పుట్టినరోజు జనవరి ఒకటో తేదీయే.

నేను యాదగిరిని. ఈ అరబ్బు దేశంలో హుఫూఫ్ ఊరవతల మా కంపెనీ క్యాంపుకు నీళ్ల ట్యాంకరు తోలతాను. ఇంటర్ సగంలో వదిలేశాను. పూర్తి చేసి ఉంటే ఈపాటికి ఇక్కడి ఖర్జూరపు తోటలన్నీ నా పేరు మీద ఉండేవని చెబితే గదిలో అందరూ నవ్వుతారు. భోజన్న మాత్రం నవ్వడు. “ఉండేటియేమో తమ్మీ” అంటాడు. అబద్ధం చెప్పేవాడికి అలాంటి మనిషి దొరకడం అదృష్టం. నేను ఆయన పక్కనే కూర్చుని మూడేళ్లు అబద్ధాలు చెప్పాను.

భోజన్నది సిమెంటు మేస్త్రీ పని. ఆయన పూత పెట్టిన గోడలో చూసుకుని నేను రెండుసార్లు గడ్డం గీసుకున్నాను. నలభై రెండేళ్లుంటాయి. మాట్లాడే ముందు ఒకసారి గొంతు సవరించుకుంటాడు. చాలాసార్లు ఆ సవరించుకోవడంతోనే మాట అయిపోతుంది.

ఆయన పై మంచం అబ్దుల్ ఘనీది. ఊరు రాజస్థాన్‌లో జైసల్మేరు. తాతముత్తాతల నుంచి రాయి చెక్కే వంశం. కోతలు కోయడంలో నన్ను మించినవాణ్ణి నేను చూసింది అతనొక్కణ్ణే. వాళ్ల ఊళ్లో కోట ఉందట, ఆ కోట లోపల ఇప్పటికీ వేలమంది కాపురాలు చేస్తున్నారట. పొద్దు వాలితే కోట మొత్తం బంగారమవుతుందట. సరే, ఇవి ఎవరైనా చెబుతారు. కానీ ఒకరోజు అతను, మా ఊరి పాత హవేలీలకు సున్నమూ లేదు, సిమెంటూ లేదు, రాయికి గాడి కోసి రాయిలో రాయి బిగించి నాలుగంతస్తులు లేపారు, అన్నాడు.

భోజన్న తింటున్న రొట్టె పక్కన పెట్టాడు.

“సిమెంటు లేకుంట గోడ నిలుస్తదా?”

“దో సౌ సాల్ సే ఖడా హై” అన్నాడు ఘనీ. రెండు వందల ఏళ్ల నుంచి నిలబడే ఉందని.

“గాలొస్తే?”

“గాలి వస్తది, పోతది. గోడ ఉంటది.” మూడేళ్లలో మా తెలుగు అంతమాత్రం పట్టుబడింది అతనికి. “నువ్వు వచ్చి చూడు. చాకు తీసుకుని రా. సందులో దూరిందంటే నా ముక్కు కోసెయ్.”

ప్రయాణం ఆ మాట మీద పుట్టింది. అది రెండు వేల ఆరు చలికాలం. మరుసటి ఏడు ఇద్దరికీ ఒకేసారి సెలవు పడేటట్టు చూసుకున్నారు. సిమెంటు బస్తా లోపలి కాగితం చింపి, నేల మీద పరిచి, ఘనీ హిందీలో రాశాడు. పక్కనే నా చేత భోజన్న తెలుగులో రాయించుకున్నాడు. దమ్మామ్ నుంచి బొంబాయికి విమానం. అక్కడి నుంచి జోధ్‌పూర్‌కు రైలు, బెర్తులు రెండు. జోధ్‌పూర్‌లో మిరపకాయ బజ్జీలు, నాలుగు. ఆపైన జైసల్మేరు బండి. దిగగానే కోట వైపు చూడకూడదు. తల వంచుకుని తిన్నగా ఇంటికి వెళ్లి, సాయంత్రం గడీసర్ చెరువు గట్టున నిలబడి అప్పుడు తలెత్తాలి. అది మొదటి రోజు. రెండో రోజు కోట లోపల. మూడో రోజు హవేలీలు, చాకు. నాలుగో రోజు ఒంటె మీద ఇసుక దిబ్బలకు అని ఘనీ రాస్తే భోజన్న కొట్టేయించాడు.

“ఇసుక సూడనీకి గంత దూరం పోవాల్నా? ఇగో, తలుపు తీయి.”

“మా ఇసుక వేరే” అన్నాడు ఘనీ, నిజంగానే నొచ్చుకుని.

ఆ కాగితంలో చాయ్ దగ్గర నుంచి అన్నీ రెండేసి ఉండేవి. నేను పక్క మంచం మీద పడుకుని, జైసల్మేరులో ఒంటెలకు పాస్‌పోర్టులుంటాయనీ, నేను ఒకసారి దుబాయిలో ఒక ఒంటెతో పాటు వరసలో నిలబడ్డాననీ చెబుతూ ఉండేవాణ్ణి. ఆ నెలలు బాగుండేవి.

ఇప్పుడు మా గేటు పాసు సంగతి చెప్పాలి. మా పని ఒక పెద్ద ప్లాంటు ఆవరణలో. మెడలో గేటు పాసు లేనిదే లోపలికి పోనివ్వరు. మన ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, గడువు తీరితే, కొత్తది చేతికి వచ్చేదాకా పాసు ఆగిపోతుంది. ఆ మనిషి గదిలో కూర్చోవాలి. అలా కూర్చున్నవాడు, ఒంట్లో బాగాలేనివాడి పాసు మెడలో వేసుకుని పనికి వెళ్లడం మాలో మామూలు. గేటు దగ్గర కాపలావాడు లెక్కపెట్టేది పాసుల్నే. నెత్తిన హెల్మెట్, దుమ్ముకు మూతికి కట్టిన గుడ్డ, ఇక మొహం ఎక్కడిది? నేను ఒక బెంగాలీ పాసు మీద మూడు రోజులు వెళ్లాను. మూడో రోజుకు నాకు బెంగాలీలో కలలు వచ్చాయి. ఇందులో ఎవరికీ తప్పు కనిపించలేదు. ఒకరికొకరు సాయం అనుకున్నాం.

రెండు వేల ఏడు జూన్‌లో ఘనీ ఇఖామా ఆగింది. తొమ్మిది రోజులు గదిలో కూర్చున్నాడు. పదో రోజు తెల్లవారి భోజన్నకు జ్వరం. ఘనీ పై నుంచి దిగి, మేకుకు వేలాడుతున్న భోజన్న పాసు తీసి మెడలో వేసుకుని, “పడుకో. ఆజ్ మై భోజన్న” అన్నాడు. ఇవాళ భోజన్నను నేను అని. బస్సెక్కాడు.

పదకొండు గంటలకు మూడో అంతస్తు బయట కట్టిన పరంజాలో చెక్క జారింది.

సాయంత్రం బస్సు దిగినవాళ్లు గదిలోకి వచ్చి ఘనీ పోయాడని చెప్పారు. భోజన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆస్పత్రిలో మెడలోని పాసు చూసి పేరు రాసుకున్నారని, ఆఫీసు లెక్కలో పోయింది భోజన్న అని మాకెవరికీ తట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం క్యాంపు బాసు చచ్చినవాడి పెట్టెకు సీలు వేయడానికి తాళాల గుత్తితో వచ్చాడు. కింది మంచం మీద కూర్చుని భోజన్న పప్పన్నం తింటున్నాడు. ఆ క్యాంపు బాసు ఆరడుగుల మనిషి, వెనక్కి ఎగిరి వరండా దాటి నా ట్యాంకరుకు గుద్దుకున్నాడు. సొట్ట ఇప్పటికీ చూపించగలను.

నవ్వు అంతవరకే. భోజన్న అప్పటికప్పుడు ఇంటికి ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

“గౌరవ్వా, నేను.”

అవతల చాలా మంది ఏడుపు వినిపిస్తోంది. “ఎవలు?” అంది ఆయన భార్య.

“నేనే. భోజన్నను.”

“భోజన్న సచ్చిపోయిండు” అంది గౌరవ్వ. గొంతులో తడి లేదు. “నువ్వెవలు?”

ఆయన నా మొహంలోకి చూశాడు. నేనేదో చెప్పి ఒప్పించగలనన్నట్టు. 

“మన ఇంట్ల దూలానికి మొలలెన్ని?” అని అడిగింది ఆమె.

“ఆరు. ఒకటి వంకర వోయింది. నేనే కొట్టిన.”

అప్పుడు ఏడ్చింది.

ఆ తర్వాత ఆఫీసు తన పని తాను చేసుకుంది. పాసు లేని మనిషి ప్లాంటు లోపల ఉండడానికి వీల్లేదు. లోపల లేనివాడు పరంజా మీద నుంచి పడడానికీ వీల్లేదు. జైసల్మేరుకు వెళ్లిన ఉత్తరంలో, అబ్దుల్ ఘనీ పద్నాలుగో నంబరు గదిలో, కింది మంచం మీద, జ్వరంతో నిద్రలోనే పోయాడని ఉంది. ఆ ఉత్తరం దమ్మామ్‌లో టపాలో వేసిన డ్రైవరు చదివి వచ్చి మాకు చెప్పాడు. ఆ మంచం భోజన్నది. ఆ జ్వరం భోజన్నది. ఆయన ఆ రాత్రీ అదే మంచం మీద పడుకున్నాడు, పడుకోవడానికి మరొకటి లేదు కాబట్టి.

ఘనీని హుఫూఫ్‌లోనే ఖననం చేశారు. మేము ముసల్మాన్లం కాదు, లోపలికి రానివ్వరు. మర్నాడు నేను ట్యాంకరును శ్మశానం గోడ పక్కగా ఆపాను. భోజన్న ట్యాంకు మీదికెక్కి నిలబడ్డాడు. లోపల పేర్లుండవు, మట్టి దిబ్బ, తల దగ్గరో రాయి. కొత్త దిబ్బ ఒక్కటే ఉంది. ఆ ఎండలో, కాళ్ల కింద రేకు పెనంలా కాలుతుంటే, ఆయన వేలు చాపి వరసలు లెక్కపెట్టాడు. తప్పితే మళ్లీ మొదటి నుంచి. దిగి వచ్చాక, “ఏడో వరుస. గేటు కాడికెల్లి పదకొండు” అన్నాడు. ఆ రోజంతా అదే లోలోపల అనుకుంటూ ఉన్నాడు.

పాసు ఆస్పత్రి నుంచి ప్లాస్టిక్ కవర్లో తిరిగి వచ్చింది. ఫొటో మీద, సరిగ్గా నుదుటి దగ్గర నుంచి గడ్డం దాకా పగులు. కొత్తది అడగాలంటే పాతది ఎలా పగిలిందో రాసివ్వాలి. అందుకని దాన్నే తొమ్మిది వారాలు, పది వారాలు, నెలల తరబడి ప్రతి పొద్దున్నా మెడలో వేసుకున్నాడు. హాజరు పిలిచేటప్పుడు “భోజన్న” అంటే వెంటనే పలికేవాడు కాదు. ముందు పక్కలకు చూసేవాడు, ఇంకెవరైనా పలుకుతారేమోనని. ఎవరూ పలకలేదని రూఢి అయ్యాకే చెయ్యెత్తేవాడు.

పై మంచానికి ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. ఇద్దరూ వారం తిరక్కుండా గది మారారు. దయ్యమా అని నేను ఆశగా అడిగాను. ఉంటే నాలుగు కథలు కట్టుకోవచ్చు. “దయ్యం లేదు” అన్నాడు రెండోవాడు. “కిందాయన పైకి చూస్తా పడుకుంటడు. కన్ను మూయడు. నేను పక్కకు ఒత్తిగిలితే ‘ఘనీ’ అంటడు.” నేను ఎవరికీ ఆ కథ చెప్పలేదు. చెప్పడానికి నోరు తెరిస్తే మంచం కీచుమన్న చప్పుడే ముందు వచ్చేది.

సంక్షిప్తంగా చెబితే, దయ్యం పట్టింది గదికి కాదు, సిమెంటు కాగితానికి. నవంబరులో ఒక శుక్రవారం భోజన్న దాన్ని పెట్టె అడుగు నుంచి తీశాడు.

“జనవరిల సెలవుంది. తారీకులు మళ్ల రాయి తమ్మీ.”

“జైసల్మేరుకా?”

“ఆఁ.”

రాశాను. బెర్తు ఒకటి అని వేశాను. ఆయన వేలు దాని మీద పెట్టాడు.

“రెండు.”

“అన్నా, రెండో బెర్తుల ఎవరు పండుకుంటరే?”

“రెండని రాసి ఉన్నది. ఉండనియ్.”

“బజ్జీలు?”

“నాలుగు.”

నేను నవ్వబోయి మానేశాను. ఎందుకు వెళ్లడం అని అడిగాను. గొంతు సవరించుకున్నాడు. ఈసారి మాట కూడా వచ్చింది.

“వాళ్లమ్మ ఉన్నది. కొడుకు పక్క మీద పోయిండనుకుంటున్నది. గా జరం నాదని చెప్పాలె. నా పాసు ఏస్కొని పోయిండని చెప్పాలె. చెప్పినంక ఆమె కొడితే కొట్టనీ.”

కంపెనీ ఇచ్చే టికెట్టు హైదరాబాదుకు. బొంబాయికి మార్చమని అడగడానికి వెళ్తే ఆఫీసు గుమాస్తా పెన్ను మూసి పక్కన పెట్టాడు. అతను హైదరాబాదు మనిషే.

“బొంబాయిల నీకేం పని?”

“జైసల్మేరు పోవాలె సార్.”

“చూడు భోజన్నా. కాగితం మీద ఎట్ల రాసి ఉందో అట్లనే జరిగింది. నువ్వు అక్కడికి పోయి నోరు తెరిస్తే పాసుల సంగతి మొత్తం బయటికొస్తది. అప్పుడు నీకు వాపస్ వీసా ఉండదు. సీదా ఖురూజ్.”

ఖురూజ్ అంటే దేశం విడిచిపో, మళ్లీ రానక్కర్లేదు అని మర్యాదగా కొట్టే ముద్ర. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్న మనిషికి ఆ ముద్ర ఏమిటో గుమాస్తాకూ తెలుసు. భోజన్న కుర్చీ అంచు మీద కూర్చుని, తన పాసు పగులు మీద బొటనవేలితో రుద్దాడు.

“బొంబాయికే రాయుండ్రి సార్” అన్నాడు.

గౌరవ్వ ఒప్పుకోవడం దానికంటే కష్టమవుతుందని నేను పందెం కాశాను. ఆమె ఫోనులో గట్టిగానే వేసుకుంది. “మూడేండ్లకొస్తున్నవ్. ఇల్లు సూడకుంట గా ఎడారిల ఏమున్నది నీకు? ఊర్ల పెద్దమనుషులేమో, సచ్చిండని ఏడ్సిన మనిషికి మళ్ల పేరు పెట్టి ఇంట్లకు తోల్కోవాలె అంటున్నరు. ముందు ఇటు రా.”

“వస్త. పేరు పెట్టించుకుంట. ముందుగాల్ల ఆ పేరు ఏస్కొని పోయినోని ఇంటికి పోయి రానియ్.”



“నేను ఒక్క దినమే ఏడ్సిన” అంది గౌరవ్వ. “ఆమె ఇంక ఏడుస్తనే ఉంటది గదా. పో.”

నేను పందెం ఓడిపోయాను. చెప్పుకోదగ్గ ఓటమి అదొక్కటే.

ఇక మిగిలింది, భోజన్న వస్తున్నాడని ఘనీ ఇంటివాళ్లకు ఒక మాట చెప్పడం. కాగితంలో చివరి వరసలో ఘనీ చేతిరాతతో పక్కింటివాళ్ల ఫోను నంబరు ఉంది. భోజన్న ఆరు వారాలు దాని జోలికి పోలేదు. చెప్పకుండా వెళ్లి గుమ్మంలో నిలబడితే ఆ ముసలామె గుండె ఆగుతుంది అని నేను భయపెట్టాక, ఒక శుక్రవారం హుఫూఫ్ బజారులో ఫోన్ల దుకాణానికి వచ్చాడు. అద్దాల గదిలో ఇద్దరం ఇరుక్కున్నాం. నంబరు నేనే నొక్కాను. పక్కింటివాళ్లు ఆమెను పిలుచుకురావడానికి చాలాసేపు పట్టింది. మేక అరుపు, ఎవరో సుత్తితో రాయి కొడుతున్న చప్పుడు వినిపించాయి. ఆ చప్పుడుకు భోజన్న కళ్లు మూసుకున్నాడు.

“హలో” అంది ముసలి గొంతు.

“అమ్మీ, మై భోజన్న. హుఫూఫ్ సే.”

సుత్తి చప్పుడు మూడుసార్లు వినిపించింది. తర్వాత ఆమె చాలా మామూలుగా, నిన్న మాట్లాడి ఇవాళ మళ్లీ పలకరించినట్టు అడిగింది.

“బుఖార్ ఉతర్ గయా, బేటా?”

జ్వరం తగ్గిందా, నాయనా, అని.

భోజన్న అద్దానికి వీపు రాస్తూ నేల మీద కూర్చున్నాడు. ఫోను తీగ చాలక నేను వంగి రిసీవరు ఆయన చెవికి ఆనించి పట్టుకున్నాను, అందుకే అంతా విన్నాను. ఆ రోజు తెల్లవారి బస్సులోంచి ఘనీ తల్లికి ఫోను చేశాడట. భోజన్నకు జ్వరం, నేను అతని పాసు మీద వెళ్తున్నాను, అతని కోసం దేవుడికి దువా చెయ్యమని.

“చేశాను” అంది ఆమె తన హిందీలో. “ఆ పొద్దు నీ కోసం చేశాను. వాడి కోసం చెయ్యలేదు. వాడికేం, బాగానే ఉన్నాడు కదా అనుకున్నాను.”



తర్వాత ఉత్తరం వచ్చిందట, కొడుకు జ్వరంతో పోయాడని. జ్వరం మావాడిది కాదు అని ఆమె ఇంట్లో అందరికీ చెప్పింది. దుఃఖంతో మతి తప్పిందన్నారు. పెద్దకొడుకు కూడా అదే అన్నాడు. ఆరు నెలలుగా ఆమె ఆ మాట అంటూనే ఉంది, వాళ్లు ఆమెకు నిద్రమందు ఇస్తూనే ఉన్నారు.

“ఆ జ్వరం నాదే అమ్మీ” అన్నాడు భోజన్న.

“నాకు తెలుసు. వచ్చి వీళ్ల ముందర చెప్పు.”

“వస్త అమ్మీ” అన్నాడు, హిందీ మరిచిపోయి. ఆమెకు అర్థమైంది. వాణ్ణి ఎక్కడ పెట్టారని అడిగింది. ఏడో వరుస, గేటు నుంచి పదకొండోది అని చెప్పాడు. ఆమె మెల్లగా రెండుసార్లు తిరిగి చెప్పుకుంది, చీటీ మీద రాసుకోవడం రానివాళ్లు చెప్పుకున్నట్టు. ఆయన సరిదిద్దాల్సిన అవసరం రాలేదు.

జనవరి రెండో వారంలో పాస్‌పోర్టు చేతికి వచ్చింది. గుమాస్తా అన్నంత పనీ చేశాడు, ముద్ర ఖురూజే. భోజన్న ఆ పేజీ చూసి, మూసి, జేబులో పెట్టుకున్నాడు. గేటు పాసు ఆఫీసు బల్ల మీద పెట్టి వచ్చాడు. మెడ దగ్గర తాడు రాసుకున్న చోట చర్మం తెల్లగా ఉంది. ఆ రాత్రి గదిలో అందరం కలిసి కోడికూర వండుకున్నాం. ఆయన తిన్నాడు, నిద్రపోయాడు. పైకి చూడలేదో, చూశాడో నేను కనిపెట్టలేదు. నాకు ధైర్యం చాలలేదు.

దమ్మామ్ విమానాశ్రయానికి నేనే తీసుకెళ్లాను, ట్యాంకరులోనే. విమానానికి ఇంకా టైముంది కదా అని బండి నీడన ఆపి, ఆయన మీద నేను రాసిన ఈ కథంతా మొదటి నుంచి చదివి వినిపించాను. నేను గొప్పగా రాశానని నాకు తెలుసు. ముఖ్యంగా మొదటి వాక్యం. ఆయన సంచి ఒళ్లో పెట్టుకుని చివరిదాకా విన్నాడు. ఎక్కడా నవ్వలేదు. గొంతు సవరించుకున్నాడు.

“నేను సావలే తమ్మీ. నాకు జరమొచ్చి పండుకున్న. సచ్చింది ఘనీ.”